గుల్లలోని గణితం

షోళింగనల్లూరు కూడలి నుండి తూర్పుగా వెళ్తే బకింగ్‌హాం కాలువ వస్తుంది. దానిని దాటితే అక్కరై, ఆ తరువాత సముద్రం. ఆటు వేళ తడి ఇసుక మీద గుల్లలు కనిపిస్తాయి. కొన్ని మేకుల వలె మొనదేలి పొడవుగా ఉంటాయి. కొన్ని బొంగరాల వలె పొట్టిగా ఉంటాయి. ఆకారాలు వేరైనా వాటి చుట్లు పెరిగే తీరు ఇంచుమించు ఒకటే. దీనికి కారణమేమి?

గుల్లను కట్టేది నత్త జాతి జీవి. దాని ఒంటిపై ప్రావారం అనే మెత్తని పొర ఉంటుంది. అది స్రవించే సున్నపు పదార్థమే గట్టిపడి గుల్ల అవుతుంది. జీవి పెరిగేకొద్దీ ఇల్లూ పెరగాలి కదా! పీత పాత పెంకును వదలి కొత్తది ఏర్పరచుకొంటుంది. నత్తకు ఆ వీలు లేదు. అది కట్టిన గోడను సాగదీయలేదు, ఇంటిని విడిచి బ్రతకలేదు. నోటి అంచున కొత్త సున్నం చేర్చడమొక్కటే దానికి సాధ్యం.

అంచు చుట్టూ సమంగా చేరిస్తే గుల్ల తిన్నగా పెరుగుతుంది. ఒక వైపు ఎక్కువగా, మరొక వైపు తక్కువగా చేరిస్తే వంగుతుంది. ఆ నిష్పత్తి మారకపోతే వంపు చుట్టగా మారుతుంది. ఒక చుట్టు వెడల్పు 2 మి.మీ., తరువాతది 3 మి.మీ., ఆపైది 4.5 మి.మీ. అనుకొందాం. ప్రతి చుట్టూ ముందుదానికి ఒకటిన్నర రెట్లు. నేలపై తాడును చుట్టినప్పుడు చుట్ల మధ్య దూరం ఇట్లా పెరగదు. ఈ విధంగా పెరిగే వక్రాన్ని సంవర్గమాన సర్పిలం అంటారు. ఇది ఎంత పెరిగినా దీని ఆకారం మారదు. అందుచేత నత్త చిన్నదైనా పెద్దదైనా దాని ఇల్లు ఒకే అచ్చుగా ఉంటుంది.

స్విట్జర్లాండు గణితజ్ఞుడు యాకోబ్ బెర్నౌలీ ఈ వక్రానికి ముగ్ధుడై, దీనిని తన సమాధిపై చెక్కించమని కోరాడు. ఆయన 1705లో మరణించాడు. పాపం, శిల్పి తాడు చుట్ట వంటి సర్పిలాన్ని చెక్కాడు!

1838లో హెన్రీ మోజ్లీ అనే ఆంగ్లేయుడు గుల్లల చుట్లను కొలిచి, వాటి వెడల్పులు గుణశ్రేఢిలో ఉన్నాయని చూపాడు. సర్పిలం కాగితంపై గీత మాత్రమే. గుల్ల మాత్రం వక్రతలం. గుల్ల నోరు ఒక అక్షం చుట్టూ తిరుగుతూ, పెద్దదవుతూ, ఆ అక్షం వెంట కిందికి జారుతున్నట్లు ఊహించండి. ఆ నోరు సాగిన దారే ఈ తలం. జారడం ఎక్కువైతే మేకు వంటి గుల్ల, తక్కువైతే బొంగరం వంటిది వస్తాయి.

తిరిగే దిశ కుడియైనా ఎడమైనా గణితానికి ఒకటే. అయినా దిశ మారిన శంఖం మిక్కిలి అరుదు. తమిళనాట దానిని వలంపురి అని పూజిస్తారు.

1966లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ రౌప్ కొలతలను మారుస్తూ కంప్యూటరుతో అనేక గుల్లలను గీయించాడు. వాటిలో చాలా ఆకారాలు ప్రకృతిలో లేవు. చుట్లు ఒకదానినొకటి తాకకుండా విడివడి ఉండే గుల్లను గీయడం సులభమే. అయితే అట్టి గుల్ల పీత పట్టుకు త్వరగా విరిగిపోతుంది.