ఆన్‌లైన్ తగ్గింపు ధరలు – పురుగుమందుల కొనుగోలులో గమనించవలసిన అంశాలు

ఎం.ఆర్.పి.ని కొట్టివేసి, పక్కనే తగ్గింపు ధరను చూపడం ఆన్‌లైన్ విక్రయాలలో సర్వసాధారణం. మొదట కనిపించిన ధరే కొనుగోలుదారుకు కొలమానమవుతుంది. అందువలన తగ్గింపు శాతం పెరిగిన కొద్దీ లాభపడ్డామన్న భావన బలపడుతుంది. అయితే తగ్గింపు ఏడాది పొడవునా కొనసాగితే ఆ ధరే అసలు ధరగా స్థిరపడి, వినియోగదారుడు మరో తగ్గింపు కోసం కొనుగోలును వాయిదా వేస్తాడు.

కీటకనాశినుల నియమావళి, 1971కి 2022లో చేసిన సవరణతో లైసెన్సు గల విక్రేతలు ఆన్‌లైన్‌లో పురుగుమందులు అమ్మే వీలు కలిగింది. వస్త్రాల కొనుగోలు వాయిదా పడినా నష్టం లేదు. పురుగు ఉధృతి ఆర్థిక నష్ట పరిమితిని దాటిన తరువాత వేచి ఉంటే దిగుబడి తగ్గుతుంది. ముందే కొని నిల్వ చేస్తే గడువు తీరే ప్రమాదముంది.

ధరను సీసాకు కాక ఎకరాకు లెక్కించాలి. ఉదాహరణకు, 40 శాతం తగ్గింపుతో లీటరు రూ. 600కు లభించే మందు ఎకరాకు 400 మి.లీ. అవసరమైతే ఖర్చు రూ. 240. అదే పురుగుకు సిఫారసు చేసిన, తగ్గింపు లేని రూ. 1000 మందు 200 మి.లీ. సరిపోతే ఖర్చు రూ. 200 మాత్రమే.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ లెక్కతో పాటు విక్రేత లైసెన్సు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీల పరిశీలనను కూడా రైతులకు నేర్పాలి. బిల్లు లేని మందు ఎంత చౌకైనా, అది నకిలీదని తేలిన నాడు పరిహారం కోరడానికి రైతు చేతిలో ఆధారం ఉండదు.