నిద్రకు తోడు ఫ్యాను చప్పుడు

మా తరగతిలో ఒక అబ్బాయి మొదటి పీరియడ్‌లోనే తూగుతుంటాడు. వాళ్ల ఇల్లు అనకాపల్లి రైలు పట్టాల పక్కన. "రాత్రి ఏ చిన్న చప్పుడైనా మెలకువ వచ్చేస్తుంది సార్" అన్నాడు. ఇంట్లో ఫ్యాను ఉందా అని అడిగితే లేదన్నాడు.

ఆ ప్రశ్న గాలి కోసమే కాదు. మనం నిద్రపోయినా చెవి పనిచేస్తూనే ఉంటుంది. నిశ్శబ్దంలో హఠాత్తుగా వచ్చే చప్పుడే మనల్ని ఎక్కువగా లేపుతుంది. ఫ్యాను హోరులా ఒకే తీరు శబ్దం ఉంటే కుక్క అరుపు, వీధిలో మాటలు అందులో కలిసిపోతాయి. దీన్నే శబ్దం మరుగుపడడం అంటాం. రైలు కూతను మాత్రం ఫ్యాను కప్పలేదు.

అయితే శబ్దం పెరిగితే అదే నిద్రకు శత్రువు. మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెళ్లు. ఫోన్‌లో వాన చప్పుడు పెట్టుకున్నా సహరీ అలారం వినబడేంత మెల్లగా ఉండాలి. ఇయర్‌ఫోన్లు వద్దు. పసిబిడ్డ ఉయ్యాలకు ఆ ఫోన్ కనీసం 2 మీటర్ల దూరంలో ఉండాలి. కొందరికి నిశ్శబ్దమే మేలు.

దాతలు పుస్తకాలు, ఫీజులు ఇస్తున్నారు, సంతోషం. ఒక ఫ్యాను కూడా ఇస్తే ఆ పుస్తకం ముందు బిడ్డ మెలకువగా కూర్చుంటాడు.