వరి ఆకు నిలుపు - మొక్కలోని స్టీరాయిడ్లు

ఒక గ్రామసభ ముగిసిన పిమ్మట ఒక పెద్దరైతు చిన్న సీసా నొకదానిని నాకు చూపి, “అయ్యా, ఇందులో స్టీరాయిడు కలదట. ఊరక వాడరాదని వైద్యులు మనుష్యులకు చెప్పు దానిని పైరుపై చల్లవచ్చునా?” అని యడిగెను. ప్రశ్న సమంజసమైనదే. సమాధానమునకు ముందు పొలములోనికి పోవలసియున్నది.

వరి ఆకును చేతబట్టి చూడుడు. కాండమును చుట్టుకొనియున్న తొడుగు ఒక భాగము. పైకి చాచుకొనిన ఆకు రెండవ భాగము. ఇవి కలియుచోట కీలు వంటిది కలదు. కీలు వంగినచో ఆకు వాలును. వంగనిచో కత్తివలె నిలుచును. ఈ వంపును శాసించు పదార్థములలో ముఖ్యమైనవి బ్రాసినోస్టీరాయిడ్లు. మొక్క తన యవసరమునకు తానే వీనిని తయారుచేసికొనును. వరిలోనే కాదు, చిక్కుడులోను టొమాటోలోను ఇవి స్వభావసిద్ధముగా నున్నవి.

వీనిని కనుగొనుట సామాన్యమైన పని కాలేదు. ఆవజాతికి చెందిన రేపు మొక్క పుప్పొడిలో పెరుగుదలను హెచ్చించు పదార్థ మొకటి కలదని అమెరికా శాస్త్రజ్ఞులు 1970లో తెలిపిరి. తేనెటీగలు మోసికొనివచ్చిన 227 కిలోల పుప్పొడినుండి 1979లో వారు వేరుచేయగలిగినది 4 మిల్లీగ్రాములు మాత్రమే. అది ఒక బియ్యపుగింజ తూకములో ఇంచుమించు ఐదవ వంతు! ఇంత స్వల్పమైన దానిని పరీక్షించుటకు జపాను శాస్త్రజ్ఞులు వరినే త్రాసుగా వాడిరి. లేతనారులోని ఆకు కీలును కోసి ద్రవములో నుంచి, అది యెంత వంగినదో కొలిచెడివారు. హార్మోను హెచ్చినకొలది వంపు హెచ్చును. కీలు పైవైపునున్న కణములు సాగుటయే దీనికి కారణము.

ఈ హార్మోను కణములోనికి చొరబడి పనిచేయదు. కణము వాకిటనున్న గ్రాహకమునకు కబురందించును. గ్రాహకము చెడినచో హార్మోను ఉండియు లేనట్లే. అట్టి వరి రకమును 2000లో జపానులో వివరించిరి. దానికి డి-61 అని పేరు. దాని కణుపుల నడిమి భాగములు కుఱుచనైనవి, ఆకులు నిట్టనిలువుగా నిలిచినవి. నిలువుటాకుల నడుమనుండి వెలుతురు అడుగు ఆకులకు చేరును; కనుక దగ్గర దగ్గరగా నాటవచ్చును. అయితే గ్రాహకము మిక్కిలి చెడినపుడు గింజయు చిన్నదగును. గడ్డి పెరిగి గాదె నిండనిచో రైతునకేమి లాభము? 2006లో ఈ చిక్కునకు ఒక దారి దొరికినది. హార్మోను తయారీలో ఒక మెట్టును మాత్రమే బలహీనపరచిన వరి రకమున ఆకులు నిలిచినవి, గింజకు నష్టము కలుగలేదు. ఒత్తుగా నాటినపుడు అదనపు ఎరువు లేకయే దిగుబడి హెచ్చినది.

ఇచ్చట ఒక మాట. 1966లో విడుదలయిన ఐ.ఆర్. 8 పొట్టితనమునకు ఈ స్టీరాయిడ్లు కారణము కావు. అది జిబ్బరెలిన్ అను వేఱొక హార్మోను తగ్గుటవలన కలిగినది. రెంటిని కలిపి చెప్పువారు కలరు గనుక వ్రాయుచున్నాను.

ఇక సీసా సంగతి. అందులోనిది హోమోబ్రాసినోలైడు; మన దేశమున నూటికి 0.04 వంతు ద్రావణముగా అమ్ముచున్నారు. మనుష్యుల మందుతో దీనికి కుటుంబనామ మొకటియే గాని పని వేఱు. అయినను చల్లునపుడు చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ తప్పవు. చీటీపై పేర్కొనిన పైరునకే, చెప్పిన దశలోనే, చెప్పిన మోతాదులోనే వాడవలెను. రెట్టింపు పోసినచో రెట్టింపు పంట రాదు. ఈ పదార్థము హెచ్చినచో ఆకు వాలునని పైన చూచితిమి గదా.

ఇంతయు విని ఆ పెద్దాయన అసలు సంగతి బయటపెట్టెను. నాటిన మూడు వారములకు ఆయన చేనిలో అడుగు ఆకులపై త్రుప్పురంగు మచ్చలు వచ్చినవట, పైరు ఎదుగక నిలిచిపోయినదట. అందులకే సీసా కొనెను! ఆ లక్షణములు జింకు లోపమువలన కలుగుచుండును. లోపించిన పోషకమును హార్మోను తెచ్చియీయలేదు. మచ్చలున్న రెండు దుబ్బులు పెరికి వ్యవసాయాధికారికి చూపుమనియు, జింకు లోపమే యని తేలినచో జింకు సల్ఫేటు ఎంత వేయవలెనో ఆయననే యడుగుమనియు చెప్పితిని. సీసా మూత ఇంకను తీయలేదు; దుకాణమువాడు తిరిగి పుచ్చుకొనునేమో చూచెదనని ఆయన దానిని కండువాలో ముడివేసికొనెను.