క్రిస్మస్ పొద్దుటికి కొబ్బరి రోల్స్

ప్రశ్న: క్రిస్మస్ నాడు పొద్దున్నే చర్చికి వెళ్లాలి. తీపి రోల్స్ రాత్రే చుట్టిపెట్టుకుంటే పిండి పులిసిపోదా? (ఒక పాఠకురాలు, రామసముద్రం)

జవాబు: ఫ్రిజ్‌లో పెడితే పులిసిపోదు. 4 డిగ్రీల చలిలో ఈస్ట్ చావదు, నెమ్మదిస్తుంది. ఆ నిదానంలోనే రుచి పెరుగుతుంది కూడా.

అర కిలో మైదాకు 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 75 గ్రాముల చక్కెర, చెంచా ఉప్పు, 60 గ్రాముల వెన్న, పావు లీటరు గోరువెచ్చని పాలు సరిపోతాయి. పాలు వేడిగా ఉంటే మాత్రం ఈస్ట్ చచ్చిపోతుంది. పది నిమిషాలు బాగా మర్దించి, రెట్టింపయ్యేదాకా మూతపెట్టాలి. మదనపల్లె, పుంగనూరు వైపు డిసెంబరు చలికి ఇది రెండు గంటలైనా పట్టొచ్చు. గడియారాన్ని కాదు, పిండిని చూడాలి.

లోపలికి దాల్చినచెక్కే అక్కర్లేదు. సరిహద్దు దాటితే కర్ణాటక బేకరీల్లో దొరికే దిల్‌పసంద్‌లో ఉండేది కొబ్బరే కదా! కొబ్బరి, బెల్లం, యాలకులు కలిపి తడి ఆరేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చాలి. తడి మిగిలితే బెల్లం కారి అడుగంటుతుంది. ఎక్కువమంది రోల్స్ చెడేది ఇక్కడే.

పొంగిన పిండిని పరిచి, కొబ్బరి మిశ్రమం చల్లి, చుట్టి, 12 ముక్కలు కోసి, ట్రేలో ఎడంగా పేర్చి, గాలి తగలకుండా మూసి 8 నుంచి 12 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. పొద్దున తీసి, ఉబ్బేదాకా గంటసేపు బయట పెట్టి, 180 డిగ్రీల వద్ద 20–25 నిమిషాలు కాల్చాలి.

ఓవెన్ లేదా? గాస్కెట్, విజిల్ తీసేసిన కుక్కర్‌లో ఉప్పు పరిచి, నీళ్లు పోయకుండా పది నిమిషాలు వేడిచేసి, స్టాండు మీద రోల్స్ పేర్చిన చిన్న గిన్నె పెట్టి, సన్నమంటపై 35–40 నిమిషాలు ఉంచాలి. రెండు విడతలుగా చేసేటప్పుడు రెండో గిన్నెను ఫ్రిజ్‌లోంచి ఆలస్యంగా తీయాలి.