గుహ తలుపు తీసేది చంద్రుడు

రైలెక్కాలంటే టైంటేబుల్ చూసుకుంటాం. బస్సుకైతే స్టాండులో బోర్డు చూస్తాం. మరి పడవలో ఒక దీవికి వెళ్ళి, అక్కడి ఇసుకలో ఆడుకుని, సముద్రపు గుహలోకి దూరి చూసి, చీకటి పడకముందే తిరిగి రావాలంటే ఏ టైంటేబుల్ చూడాలి? పడవ బయలుదేరే వేళ తెలిస్తే చాలదు. ఈ ప్రయాణానికి అసలు టైంటేబుల్ వేసేవాడు ఆకాశంలో ఉన్నాడు. ఎవరో కాదు, చంద్రుడు! అదెలాగో చూద్దాం.

నీళ్ళలో నిలిచిన కొండలు

విశాఖ తీరం నుంచి ఆగ్నేయంగా బయలుదేరి, బంగాళాఖాతమూ అండమాన్ దీవులూ దాటి వెళితే థాయిలాండ్ పశ్చిమ తీరం వస్తుంది. అక్కడ ఫుకెట్ అనే పెద్ద దీవి ఉంది. దాని పక్కనే ఫాంగ్ న్గా అఖాతం. 1981లో ఈ అఖాతాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఇందులో నలభైకి పైగా దీవులున్నాయి. చాలావరకు సున్నపురాయి కొండలే. గోడల్లా నిటారుగా నీళ్ళలోంచి లేచి ఉంటాయి.

మీలో కొందరు బొర్రా గుహలు చూసే ఉంటారు. అక్కడ జరిగిన రసాయన చర్యే ఇక్కడా జరిగింది. వాన నీటిలో గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి బలహీనమైన ఆమ్లం ఏర్పడుతుంది. అది పగుళ్ళలోకి ఇంకి సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల ఏళ్ళు గడిచేసరికి కొండ కడుపులో గుహ తయారవుతుంది. బయటినుంచి సముద్రం కూడా కొండ మొదలును తొలుస్తూనే ఉంటుంది. ఇక్కడ 'కో టాపు' అనే రాతి స్తంభం ఉంది. థాయి భాషలో ఆ పేరుకు 'మేకు దీవి' అని అర్థం. ఎత్తు సుమారు 20 మీటర్లు. నీటిమట్టం దగ్గర సన్నగా, పైన లావుగా ఉంటుంది. దాని మొదలు ఇంకా అరిగిపోతుందని 1998 నుంచి పడవలను దగ్గరకు రానివ్వడం లేదు.

కొన్ని దీవుల్లో గుహ పైకప్పు కూలిపోయి, కొండ నడుమ పెద్ద బావిలాంటి చోటు మిగిలింది. చుట్టూ ఎత్తైన గోడలు, పైన ఆకాశం, అడుగున సముద్రపు నీరు, అందులో మడ చెట్లు! వీటిని అక్కడివారు 'హాంగ్' అంటారు. అంటే గది అని అర్థం. ఈ గదికి ఒకటే దారి. సముద్ర మట్టానికి సమంగా ఉన్న సొరంగం. నీరు బాగా పెరిగితే సొరంగం కప్పు దాకా నిండిపోతుంది. మరీ తగ్గితే అడుగున బురద తేలి, చిన్న తెడ్డు పడవ కూడా కదలదు. నీరు సరిగ్గా కావలసినంత ఉన్నప్పుడే తలుపు తెరిచి ఉంటుందన్న మాట.

రోజూ 50 నిమిషాలు ఆలస్యం

సముద్రం పొంగితే పోటు, తగ్గితే ఆటు. దీనికి ముఖ్య కారణం చంద్రుని ఆకర్షణ. భూమి తన చుట్టూ ఒకసారి తిరిగేలోగా చంద్రుడు తన దారిలో కొంత ముందుకు జరుగుతాడు. ఆయన్ని అందుకోవడానికి భూమి ఇంకో 50 నిమిషాలు తిరగాలి. అందుకే ఇవాళ ఉదయం 9 గంటలకు ఆటు అయితే, రేపు సుమారు 9 గంటల 50 నిమిషాలకు అవుతుంది. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఆటు నుంచి పోటుకు ఆరు గంటలకు కొంచెం పైనే పడుతుంది.

పౌర్ణమికి, అమావాస్యకు సూర్యుని ఆకర్షణ కూడా చంద్రునికి తోడవుతుంది. కాబట్టి ఆ రోజులకు అటూ ఇటూగా నీరు బాగా ఎక్కుతుంది, బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెండు ఆకర్షణలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. అప్పుడు పోటు చిన్నది, ఆటూ చిన్నదే.

పన్నెండో వంతుల లెక్క

ఆ ఆరు గంటల్లో నీరు ఒకే వేగంతో పెరగదు. నావికులు ఒక సులువైన లెక్క వాడతారు. మొత్తం పెరుగుదలను 12 వంతులు చేస్తే, గంట గంటకూ పెరిగే నీరు వరుసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది.

ఇప్పుడు ఒక గుహను ఊహించుకుందాం. పౌర్ణమి నాటి ఆటు మట్టాన్ని సున్నా అనుకోండి. సొరంగం అడుగు దానికి 20 సెం.మీ. పైన ఉంది. కప్పు 200 సెం.మీ. పైన ఉంది. పడవ తేలడానికి 30 సెం.మీ. లోతు కావాలి. మన తలలు తగలకుండా నీటి పైన 100 సెం.మీ. ఖాళీ కావాలి. అంటే నీటిమట్టం 50కి తగ్గకూడదు, 100కి మించకూడదు.

పౌర్ణమి నాడు ఆటు ఉదయం 9 గంటలకు, మొత్తం పెరుగుదల 240 సెం.మీ. అనుకుందాం. ఒక వంతు 20 సెం.మీ. 10 గంటలకు మట్టం 20, 11కి 60, 12కి 120, ఒంటి గంటకు 180, రెండింటికి 220, మూడింటికి 240. కాబట్టి తలుపు 10:45కు తెరుచుకుని 11:40కి మూసుకుంటుంది. లోపలికి వెళ్ళడం, చూడడం, బయటికి రావడం అన్నీ 55 నిమిషాల్లో అయిపోవాలి. "ఇంకాసేపు చూద్దాం" అని లోపలే ఉండిపోతే? నీరు మళ్ళీ 100కి దిగేది సాయంత్రం 6:20కి. చీకట్లో బయటపడాలి!

వారం ఆగి అష్టమికి వెళ్ళామనుకోండి. రోజుకు 50 నిమిషాల చొప్పున జరిగి, ఆటు మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతానికి వస్తుంది. ఆనాటి ఆటు మట్టం 80, పోటు మట్టం 160 అనుకుందాం. పెరుగుదల 80 సెం.మీ. మాత్రమే. ఆటు తర్వాత రెండు గంటల్లో పెరిగేది మూడు వంతులు, అంటే 20 సెం.మీ. ఆటుకు ముందు రెండు గంటల్లో తగ్గేదీ అంతే. అంటే ఒంటి గంట నుంచి ఐదింటి దాకా తలుపు తెరిచే ఉంటుంది. అదే గుహకు ఒకనాడు 55 నిమిషాలు, మరొకనాడు 4 గంటలు! ఉదయం ఇసుకలో ఆడుకుని, భోజనం చేసి, తీరిగ్గా గుహకు వెళ్ళవచ్చు.

ఇసుక తీరానికీ ఇదే లెక్క. 50 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు పెరిగే తీరంలో నీరు గంటకు 60 సెం.మీ. లేస్తే, అల అంచు గంటలో 30 మీటర్లు ముందుకు వస్తుంది. చెప్పులు, సంచులు ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచించుకోవాలి.

పట్టికలో లేనివి

ఆటుపోట్ల పట్టికలు ముందుగానే అచ్చవుతాయి. థాయిలాండ్‌లో వాటిని నౌకాదళపు జలమాపక విభాగం, మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా తయారుచేస్తాయి. కానీ గాలివాన పట్టికలో ఉండదు. ఫుకెట్ తీరంలో మే నుంచి అక్టోబరు దాకా నైరుతి రుతుపవనాల కాలం. 2018 జూలై 5న, వాతావరణ హెచ్చరికలు ఉన్నా, ఒక విహార పడవ సముద్రంలోకి వెళ్ళి తుఫాను గాలికి మునిగింది. 47 మంది చనిపోయారు. సరంగు "ఇవాళ వద్దు" అంటే బతిమాలకూడదు. లైఫ్ జాకెట్ పడవ ఎక్కేముందే కట్టుకోవాలి.

మరో సంగతి. 2004 డిసెంబరు 26న ఫుకెట్‌లోని మై ఖావో తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ బ్రిటిష్ బాలిక సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం చూసింది. రెండు వారాల ముందే బడిలో భూగోళం పాఠంలో సునామీ గురించి విన్నది. వెంటనే తల్లిదండ్రులకు చెప్పింది. తీరంలో ఉన్నవారిని ఖాళీ చేయించారు. సుమారు వంద మంది ప్రాణాలు దక్కాయి. వేళకాని వేళ సముద్రం హఠాత్తుగా వెనక్కి పోతే గవ్వలు ఏరుకోవడానికి వెళ్ళకూడదు. ఎత్తైన చోటికి పరుగెత్తాలి. అది వేళ కాదని తెలియాలంటే, ఆనాటి ఆటుపోట్ల వేళలు ముందే తెలిసి ఉండాలి కదా!

మీరే చేయండి

పైన చెప్పిన సొరంగం కప్పు 200 బదులు 170 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి. మిగతావన్నీ అవే. ఏ రోజు వెళ్ళాలి? పౌర్ణమికా, అష్టమికా?

జవాబు: నీటిమట్టం 50, 70ల మధ్య ఉండాలి. అష్టమి నాడు ఆటు మట్టమే 80. తలుపు అసలు తెరుచుకోదు. పౌర్ణమి నాడు ఉదయం 10:45 నుంచి 11:10 దాకా, 25 నిమిషాలు మాత్రం తెరుచుకుంటుంది. అంత కొద్ది సమయం కోసం లోపలికి వెళ్ళాలా, బయటినుంచే చూసి రావాలా? దానికి జవాబు మీరే చెప్పండి.