చివరి ఎకరానికి నీరు – నీటి సంఘంలో మన చోటు



ఈ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఉద్యోగ పరీక్షల గురించి రాద్దామని ముందు అనుకున్నాము. కాని మన హాస్టల్లో ట్రంకు పెట్టె పెట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఇళ్ళలో కౌలు సేద్యమో, కూలి పనో జరిగితేనే పూట గడుస్తుంది. ఆ రెండూ కాలువ నీటి మీద ఆధారపడినవే. ఆ నీటిని పంచే సంఘం గురించి మన పాఠ్య పుస్తకాలలో రెండు మూడు వాక్యాలకు మించి కనబడదు. అందుకే ఈ పాఠం రాస్తున్నాము. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినది మేమే మొదలు. కాబట్టి మాకు తెలిసింది ముందు మన ఇళ్ళకు చేరాలని మా ఆశ.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా జరిగిన సంగతి ఇది. ఆ ఏడు మా నాన్న రెండెకరాలు నోటిమాట మీద కౌలుకు చేశాడు. నారు పోసి ఇరవై రోజులైనా కాలువలో నీరు మా దాకా రాలేదు. నారుమడి నెర్రెలిచ్చింది. రాత్రి పూట టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట పైకి నడిచాము. పైన చేలు నిండి, నీరు మురుగులోకి పొర్లిపోతున్నది. మర్నాడు కాలువ గట్టు మీద నీటి సంఘం వారి మాటలు జరుగుతుంటే నాన్న వెళ్ళి, "అయ్యా, కింద మా చేలకు చుక్క రాలేదండీ" అన్నాడు. "నీకు పట్టా ఉందా?" అని అడిగారు. "లేదండీ, కౌలండీ" అన్నాడు. "అయితే మీ ఆసామిని రమ్మను" అన్నారు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని తిరిగి వచ్చేశాడు. ఆ నారు ఎండిపోయింది.

నాన్నకు నిజంగా అడిగే హక్కు లేదా? పి.జి.లో చేరి, లైబ్రరీలో చట్టం కాపీ చదివేదాకా మాకు జవాబు తెలియలేదు.

మన దీవి ఎక్కడుంది?

అడవులదీవి నిజాంపట్నం మండలంలోని ఊరు. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. నీటి లెక్కలో చూస్తే కృష్ణా పశ్చిమ డెల్టాకు సముద్రం వైపు అంచున ఉన్న ప్రాంతం మనది.

విజయవాడ వద్ద కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో కెప్టెన్ చార్లెస్ ఓర్ దానిని కట్టించాడు. 1952లో ఆ ఆనకట్టకు గండి పడింది. ఆ తరువాత కట్టినదే ప్రకాశం బ్యారేజి. అది 1957లో పూర్తయింది. రెండు వైపులా కలిపి దాని ఆయకట్టు 13 లక్షల ఎకరాలకు పైగా ఉంటుంది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.2 టి.ఎం.సి.ల నీరు కేటాయించింది. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు.

పశ్చిమ కాలువ సీతానగరం వద్ద మొదలై దుగ్గిరాల లాకుల వద్ద చీలుతుంది. తెనాలి పట్టణం గుండా మూడు కాలువలు పోవడం మీరు బస్సులోంచి చూసే ఉంటారు. అందులో ఒకదాని పేరే నిజాంపట్నం కాలువ. అక్కడి నుండి పంట కాలువలు, వాటి నుండి బోదెలు, బోదెల నుండి చేలు. దారిలో ప్రతి తూము దగ్గర కొంత నీరు తగ్గుతుంది. నాచు, గుర్రపుడెక్క, తూటికాడ పట్టిన చోట మరికొంత ఆగుతుంది. బ్యారేజి వద్ద 181 టి.ఎం.సి.లు ఉన్నా, దారిలో పంపకం సరిగా లేకపోతే చివరి ఎకరానికి అందేది శూన్యమే.

నీరు ఆలస్యమైతే నేల ఏమవుతుంది?

పైన ఉన్న రైతుకు నీరు పది రోజులు ఆలస్యమైతే నాట్లు పది రోజులు వెనకబడతాయి. మనకు అంతటితో పోదు. మన నేల కింద ఉప్పునీరుంది. చేలో మంచినీరు నిలిచి ఉన్నంతకాలం అది ఉప్పును కిందికి నెట్టుతుంది. ఆ ఉప్పు మురుగు కాలువ ద్వారా బయటికి పోతుంది. చేను ఎండితే ఎండకు తేమ పైకి లాగబడి, దానితోపాటు ఉప్పు కూడా పైకి వస్తుంది. గట్ల మీద తెల్లగా పేరుకునేది అదే. నేలలోని ఉప్పును కొలిచే లెక్కను ఇ.సి. అంటారు. అది 4 దాటితే ఆ నేలను ఉప్పు నేలగా లెక్కిస్తారు. లేత వరి మొక్క ఉప్పును అసలు తట్టుకోలేదు.

అందుచేత మన ప్రాంతంలో నీటి పంపకమంటే నేల రక్షణ కూడా. పంట కాలువ ఎంత అవసరమో మురుగు కాలువ కూడా అంతే అవసరం. మురుగు పూడిపోతే వానాకాలంలో చేను మునుగుతుంది, వేసవిలో చౌడు తేలుతుంది. పక్కనే రొయ్యల చెరువు ఉప్పునీటితో ఉంటే ఊట దిగి ఇబ్బంది మరీ ఎక్కువవుతుంది.

ఈ విషయంలో మన జిల్లాలోనే మంచి పరిశోధన జరిగింది. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లలో ఉప్పు నేలలు, ఉప్పునీటి మీద పనిచేసే కేంద్రం ఉంది. తీరం ఇసుక నేలల్లో మన పెద్దలు తవ్వుకునే దొరువులను అక్కడి శాస్త్రవేత్తలు మెరుగుపరిచారు. ఇసుకలో వాన నీరు బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. లోతుగా బోరు దించి తోడితే కింది ఉప్పునీరు పైకొస్తుంది. అడ్డంగా గొట్టాలు పరచి పై పొరను మాత్రమే మెల్లగా తీసుకుంటే తియ్యని నీరు అందుతుంది.

నీటి సంఘం అంటే ఏమిటి?

పూర్వం కాలువ మీద పెత్తనమంతా ప్రభుత్వ శాఖదే. ఇంజనీరు, ఆయన కింద లస్కరు చెప్పినట్లు నీరు సాగేది. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 11వ చట్టంగా "సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం" తెచ్చింది. రాష్ట్రం మొత్తానికి వర్తించేలా, ఎన్నికైన రైతు సంఘాలకు కాలువ నిర్వహణను అప్పగించిన చట్టంగా అది దేశంలో పేరు పొందింది. అదే ఏడు జూన్‌లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 10,292 సంఘాలకు ఎన్నికలు జరిగాయి.

ఏర్పాటు ఇలా ఉంటుంది. ఒక కాలువ కింది ఆయకట్టు ఒక నీటి వినియోగదారుల సంఘం. దానిని కొన్ని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడదీస్తారు. మన వాళ్ళు టి.సి. అంటారు. మొదటి చట్టంలో వీటి సంఖ్య 4 నుండి 10. ఒక్కొక్క టి.సి.కి ఒక సభ్యుడు. సంఘాల అధ్యక్షులు కలిస్తే డిస్ట్రిబ్యూటరీ కమిటీ, దాని పైన ప్రాజెక్టు కమిటీ. 1997లో అధ్యక్షుణ్ణి కూడా ఓటర్లే ఎన్నుకున్నారు. తరువాతి సవరణల వలన ఇప్పుడు టి.సి. సభ్యులు తమలో నుండి ఎన్నుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఎన్నికలు చివరగా 2024 డిసెంబరులో జరిగాయి.

టి.సి.లు ఎందుకో గమనించండి. సంఘమంతా ఒకే ఓటింగు అయితే పై రైతులే గెలవవచ్చు. కాలువ చివర భాగానికి కూడా తన సభ్యుడు ఉండాలన్నదే ఈ విభజన వలన కలిగే మేలు.

సంఘం చేయవలసిన పనులు చట్టంలో రాసి ఉన్నాయి. ప్రతి పంటకాలానికి వంతులవారీ నీటి పట్టిక తయారు చేయాలి. కాలువ మరమ్మతు ప్రణాళిక వేయాలి. తూముల మధ్య నీటిని క్రమబద్ధం చేయాలి. తగాదాలు తీర్చాలి. జమాఖర్చులు రాసి ఏటా ఆడిట్ చేయించాలి. నీటి బడ్జెట్ వేయాలి, సామాజిక తనిఖీ జరపాలి. షట్టరు పగలగొట్టడం, అనుమతి లేకుండా నీరు మళ్ళించడం నేరం.

ఓటు ఎవరిది?

ఇదే మన పాఠంలో ముఖ్యమైన భాగం. ఈ సంఘంలో ఓటు రేషను కార్డును బట్టి రాదు, వయస్సును బట్టి కూడా రాదు. ఆయకట్టులో భూమి కలిగినవారిగా రికార్డులో పేరు ఉండాలి. చట్టం కౌలుదారును కూడా గుర్తించింది గాని, రికార్డులో నమోదైన కౌలుదారునే గుర్తించింది. నోటిమాట కౌలుకు రికార్డు ఉండదు. పట్టా మగవారి పేరున ఉంటే, పగలంతా నడుము వంచి నాట్లు వేసే అమ్మకు ఓటు ఉండదు. కూలివారి సంగతి చెప్పనక్కరలేదు.

కౌలు నమోదు కోసం 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండవ దాని కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటారు. దాని వలన పంట రుణం, బీమా, నష్టపరిహారం వంటివి పొందవచ్చు, భూమి మీద హక్కు రాదు. అయినా యజమాని సంతకం కావాలి. ఆ సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలు ఉంటుందో లేదోనన్న భయంతో మన పెద్దలు అడగరు. మా నాన్న కూడా అడగలేదు.

అయితే చట్టంలో ఇంకొక మాట ఉంది. దానిని చదివిన రోజు మేము ఆ పేజీని మూడుసార్లు చదివాము. ఓటున్న భూమిదారులతో పాటు "ఇతర నీటి వినియోగదారులు" కూడా సంఘంలో సభ్యులే, ఓటు మాత్రం ఉండదు. నీటి వినియోగదారు అంటే ఎవరు? ప్రభుత్వ నీటి వనరు నుండి వ్యవసాయానికో, గృహావసరాలకో, మరే అవసరానికో నీరు వాడుకునేవారు. కాలువ నీటితో నింపే ఊరి మంచినీటి చెరువులో బిందె ముంచే ప్రతి తల్లీ నీటి వినియోగదారే. మా నాన్న నీటి వినియోగదారు. ఆయనకు ఆనాడు ఓటు లేదు. కాని "ఆసామిని రమ్మను" అన్నప్పుడు "నేనూ ఈ నీరు వాడేవాణ్ణేనండీ, వంతుల పట్టిక చూపించండి" అనడానికి హక్కుంది. ఆ మాట ఆయనకు తెలియదు, అక్కడున్నవారిలో ఎవరూ చెప్పలేదు.

ఇతర దేశాలలో ఎలా ఉంది?

నెదర్లాండ్స్ దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా పల్లంలో ఉంది. అక్కడ నీటి బోర్డులు 13వ శతాబ్దం నుండి ఉన్నాయి. ఇప్పుడు 21 బోర్డులు గట్లను, మురుగు కాలువలను చూసుకుంటున్నాయి. నాలుగేళ్ళకోసారి ఎన్నికలు. భూమి ఉన్నా లేకున్నా ఆ ప్రాంతంలో నివసించే 18 ఏళ్ళు నిండిన వారందరికీ ఓటుంది. వరద వస్తే పట్టా ఉన్న ఇల్లు, లేని ఇల్లు అని చూడదు గదా!

అమెరికాలో 1930లలో దుమ్ము తుఫానులు లేచి లక్షల ఎకరాల పైమట్టి కొట్టుకుపోయింది. 1935లో నేల సంరక్షణ చట్టం చేశారు. 1937లో ఉత్తర కరోలినాలోని బ్రౌన్ క్రీక్ వద్ద మొదటి నేల సంరక్షణ జిల్లా ఏర్పడింది. ఇప్పుడు సుమారు 3,000 ఉన్నాయి. చాలాచోట్ల స్థానికులు ఎన్నుకున్న బోర్డులే వాటిని నడుపుతాయి.

మన చట్టం ఈ రెండింటికీ తీసిపోయేది కాదు. ఓటు విషయంలో మాత్రం అది ఇంకా పట్టా దగ్గరే ఆగింది. ఇది మారాలని అడగడం తప్పు కాదు. మారేదాకా ఊరుకోవడమే తప్పు.

మనం చేయగలిగినది

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పనులు చేయండి.

1. మీ ఊరి చేలు ఏ కాలువ కింద, ఏ సంఘంలో, ఏ టి.సి.లో ఉన్నాయో తెలుసుకుని నోటుబుక్కులో రాసుకోండి.

2. సర్వసభ్య సమావేశం ఎప్పుడో కనుక్కుని అమ్మానాన్నలను తీసుకువెళ్ళండి. వెనక కూర్చున్నా ఫరవాలేదు, కూర్చోవడం ముఖ్యం.

3. మూడు ప్రశ్నలు అడగండి: వంతుల పట్టిక ఏది? మరమ్మతు ఖర్చు ఆడిట్ ఏది? మురుగు పూడిక ఎప్పుడు తీస్తారు? గౌరవంగా అడగండి, రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నీటిపారుదల శాఖకు దరఖాస్తు పెట్టండి.

4. నారు పోసిన తేదీ, నీరు వచ్చిన తేదీ రాసి పెట్టండి. రెండేళ్ళ తేదీలు కాగితం మీద ఉంటే "మీకు నీరు వస్తూనే ఉంది" అని ఎవరూ అనలేరు.

5. పట్టా ఉన్న ఇళ్ళలో అమ్మ పేరు కూడా రికార్డులో చేర్పించే మాట ఎత్తండి.

చివరిగా ఒక మాట. పోయిన సంక్రాంతికి మేము చట్టంలోని ఆ పేజీ జిరాక్సు తీసి, తెలుగులో రాసి, నాన్నకు చదివి వినిపించాము. ఆయన అంతా విని, "ఇది అప్పుడే తెలిస్తే నారు బ్రతికేదా?" అని అడిగాడు. బ్రతికేదని మేము చెప్పలేకపోయాము. కాని ఆ కాగితాన్ని ఆయన మడిచి, బ్యాంకు పుస్తకంలో పెట్టుకున్నాడు. ఈసారి సమావేశానికి వెళ్తానన్నాడు. మేమూ పక్కన ఉంటాము.

ఈ హాస్టల్లో చదువుకున్న మనలో ప్రతి ఒక్కరూ ఇంటికి ఇలాంటి ఒక కాగితం తీసుకువెళ్ళాలని కోరుకుంటూ, సెలవు.