క్యాన్సర్ రాకుండా ఇంటిల్లిపాదీ పాటించవలసిన అలవాట్లు

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని డాక్టరు చెప్పగానే చాలామంది నోట వచ్చే మాట "మా రాత ఇంతే". మంచం పక్కన కూర్చున్న వారి మనసులో ఇంకొక భయం కూడా ఉంటుంది: "ఇది మాకూ వస్తుందా? పిల్లలకు వస్తుందా?" కుల్చారం, మెదక్ చుట్టుపక్కల గ్రామాల నుండి రోగులకు తోడుగా వచ్చే మీ కోసమే ఈ పాఠం.

మొదట తెలుసుకోవలసినది: క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రోగిని తాకినా, కలిసి భోంచేసినా, అదే గ్లాసుతో నీళ్లు తాగినా రాదు. వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్లు కొద్దిపాటివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం, క్యాన్సర్లలో 30 నుండి 50 శాతం వరకు మంచి అలవాట్లతో, టీకాలతో నివారించదగినవే.

అయితే ఏ చెడు అలవాటూ లేనివారికి కూడా ఈ జబ్బు రావచ్చు. కావున "నీవల్లే వచ్చింది" అని రోగిని నిందించకండి. జరిగినదాన్ని మార్చలేము. ఇంట్లో మిగిలినవారికి ముప్పు తగ్గించడం మాత్రం మన చేతిలో ఉంది.

1. పొగాకు ఏ రూపంలోనూ వద్దు

బీడీ, సిగరెట్, చుట్ట, తంబాకు, జర్దా, ఖైనీ, గుట్కా అన్నీ ఒక్కటే. "నేను పొగ తాగను, నములుతాను అంతే" అనేవారికి నోటి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. పొగాకు లేని వక్కపొడి కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది.

దీనికి ఉత్తరాంధ్రలో ఒక ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం ప్రాంతపు పల్లెల్లో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకొని పీల్చేవారు. దీన్ని అడ్డపొగ అంటారు. ఇతర చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా కనిపించింది. వేడీ పొగా ఎక్కడ తగిలితే అక్కడే జబ్బు పుట్టింది. గుట్కా ఏ దవడలో పెట్టుకుంటే ఆ దవడలోనే పుండు లేవడం కూడా ఇలాంటిదే.

ముంబైలోని టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ వారు శ్రీకాకుళం, భావ్‌నగర్, ఎర్నాకుళం జిల్లాలలో పొగాకు వాడే 36,000 మందిని పరీక్షించి, మానివేయమని నచ్చజెప్పారు. అందరూ మానలేదు. అయినా ఆ బోధన జరిగాక, క్యాన్సర్‌కు ముందు నోటిలో వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గిందని 1986లో ప్రకటించారు. ఖరీదైన మందులేమీ ఇవ్వలేదు. ఇంటికి వెళ్లి ఓపికగా చెప్పడమే అక్కడ జరిగిన చికిత్స. మీరూ మీ ఇంట్లో అదే చేయవచ్చు.

ఎలా సహాయం చేయాలి?
• బీడీ కట్ట, గుట్కా ప్యాకెట్ తెమ్మని పిల్లలను దుకాణానికి పంపకండి. 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడం 2003 నాటి చట్టం ప్రకారం నేరం.
• మానిన మొదటి కొన్ని రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి ఉంటాయి. ఆ రోజుల్లో దెప్పిపొడవకండి. కోరిక పుట్టినప్పుడు సోంపు గాని, లవంగం గాని ఇచ్చి మాటల్లో పెట్టండి.
• పొగాకు ప్యాకెట్ల మీద ఉండే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా పొందవచ్చు.
• ఇంట్లో బీడీలు చుట్టేవారు పొగాకు పొడిని వంట చోటికి, పసిపిల్లలకు దూరంగా ఉంచాలి.

"నలభై ఏళ్లు తాగాను, ఇప్పుడు మానితే ఏం లాభం?" అనే పెద్దలు ఉన్నారు. లాభం ఉంది. సిగరెట్ మానిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవారితో పోల్చితే, దాదాపు సగానికి తగ్గుతుంది. చికిత్సలో ఉన్న రోగి మానినా మేలే.

2. సారా, బ్రాందీ, బీరు, కల్లు

మద్యం నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు కారణమవుతుంది. "కల్లు చెట్టు నుండి వచ్చేదే కదా" అని మనవైపు అంటారు. పులిసిన కల్లులోనూ ఆల్కహాల్ ఉంటుంది. తాగుతూ బీడీ కూడా కాల్చేవారికి నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. "ఇంత తాగితే ప్రమాదం లేదు" అనే హద్దు ఏదీ లేదు.

3. తిండి, పని

• జొన్నరొట్టె, పప్పులు, పుంటికూర, తోటకూర, మునగాకు, కాలానికి దొరికే పండ్లు రోజూ తినండి. ఇవి ఖరీదైనవి కావు.
• పచ్చళ్లు, ఉప్పు తగ్గించండి. ఒకసారి కాగిన నూనెను మళ్లీ మళ్లీ వాడకండి.
• బూజు పట్టిన పల్లీలు, మక్కలు పారవేయండి. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దీనిపై ఎంతో పరిశోధన చేశారు. కాయను బాగా ఎండబెట్టి, తడి తగలని చోట నిల్వ చేయాలి.
• పొలం పని చేసేవారికి వ్యాయామం అందులోనే ఉంది. కూర్చొని పని చేసేవారు వారానికి 150 నిమిషాలు వేగంగా నడవాలి. బరువు పెరిగితే రొమ్ము, గర్భాశయం, పెద్దపేగు క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది.
• కట్టెల పొయ్యి పొగ ఇంట్లో నిలవకుండా చూడండి.

4. టీకాలు, పరీక్షలు

పుట్టిన 24 గంటలలోపు బిడ్డకు హెపటైటిస్-బి టీకా వేయించండి. ఇది కాలేయాన్ని కాపాడుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు 9 నుండి 14 ఏళ్ల మధ్య హెచ్.పి.వి. టీకా వేయించడం మంచిది. 30 ఏళ్లు దాటినవారు నోరు పరీక్ష, స్త్రీలైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు కూడా చేయించుకోవాలి. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. సిగ్గుపడి ఆలస్యం చేయకండి.

ఈ లక్షణాలుంటే వెంటనే డాక్టరుకు చూపించండి

• నోటిలో రెండు వారాలకు మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ
• నోరు మూడు వేళ్లు పట్టేంత తెరుచుకోకపోవడం
• రొమ్ములో, మెడలో గడ్డ
• ముట్లుడిగిన తరువాత రక్తస్రావం
• మింగలేకపోవడం, తగ్గని దగ్గు, గొంతు బొంగురుపోవడం
• మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం

నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మొదట్లో చాలా క్యాన్సర్లకు నొప్పి ఉండదు. తొలిదశలో గుర్తిస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ, ఖర్చు కూడా తక్కువ.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు రోగి సంగతి చెప్పి ఊరుకోకండి. ఇంట్లో పొగాకు వాడేవారితో ఒక్కమాట మాట్లాడండి. పగటి వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి చూసుకోమనండి.